పండని టమాటా, ఎండుతున్న వరి

పండ్లతోటల శాఖలో పనిచేశానని చెబితే చాలామంది నవ్వుతారు. జీవితమంతా నీడపట్టున కూర్చుని మామిడిపళ్ళు తిన్నాననుకుంటారు. తిన్నమాట నిజమే, కాదనను. కానీ ప్రభుత్వం నాకు జీతమిచ్చింది అందుక్కాదు. తోటలో ఏదైనా చెడితే అది దేనివల్ల చెడిందో తేల్చి చెప్పడానికి నన్ను పంపేవారు. పురుగువల్లా, నీటివల్లా, ఎరువువల్లా, పొరుగువాడివల్లా? ఈ నాలుగింటిలో చివరిది రైతుకు అన్నిటికన్నా ముందు తడుతుంది. ఆ మాట పైకి రాకముందే మనం అక్కడికి చేరుకోవాలి. నా ఉద్యోగం మొత్తం ఇంతే.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ కాలంలో జన్యువుల గురించి ఏం తెలుసు?" అని అడుగుతారు. అడిగే తీరులోనే "ఏమీ తెలియదు కదా" అన్న జవాబు కూడా వినిపిస్తుంది. మాకు తెలిసింది తక్కువే. తెలిసినంత మాత్రం గట్టిగా తెలుసు. జన్యువు ఎలా ఉంటుందో మేమెవరం చూడలేదు. అది చేసిన పనిని, చేయకుండా మానేసిన పనిని చేతిలో పట్టుకుని చూశాం. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ పదవికి వెళ్ళానో, ఏ ఫైలు ఎవరి బల్లమీద నిద్రపోయిందో రాయను. వాటిని తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి.

ఖాదర్ భాయి గది

పండు పండటమంటే ఏమిటో కాలేజీలో చెప్పారు. నాకు అర్థమైంది మాత్రం రాయచూరు బజారులో, ఖాదర్ భాయి దుకాణంలో. ఆయన పండ్ల దళారీ. దుకాణం వెనక గదిలో వరిగడ్డి పరిచి, అరటిగెలలు పేర్చి, మూలన కుండలో పిడకల పొగ పెట్టి తలుపు మూసేవాడు. మళ్ళీ తెరిచేసరికి పచ్చటి గెలలన్నీ పసుపురంగుకు తిరిగి ఉండేవి. పొగలో ఉండే ఒక వాయువు కాయను తొందరపెడుతుందని, పండబోయే కాయ అదే వాయువును తనంతట తానే పుట్టిస్తుందని, దాని పేరు ఇథిలీన్ అని నేను గొప్పగా చెప్పాను. ఆయన విన్నట్టు తల ఊపి, పొగ సరిపోయిందో లేదో చూసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

మా పైఅధికారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ధారవాడ వైపు మనిషి. తెలివైనవాడు, మంచివాడు, తొందర ఎక్కువ. ఒక ఏడు అకాలవర్షానికి భయపడి ద్రాక్షతోట రైతు ఒకాయన పచ్చికాయలే కోసేస్తే, "అరటికి పనికొచ్చే పొగ ద్రాక్షకెందుకు పనికిరాదు?" అని వాటిని ఖాదర్ భాయి గదిలో పెట్టించాడు. ఖాదర్ భాయి నన్ను పక్కకు పిలిచాడు.

"సాబ్, అంగూరు తీగ మీదనే పండాలె. తెంపినంక దాని కిస్మత్ ఖతం. మీ పెద్ద సాబ్‌కు జెర సమజాయించి చెప్పున్రి."

నేను చెప్పాను. పెద్దసారు వినలేదు. ద్రాక్ష ఎంత పుల్లగా లోపలికి వెళ్ళిందో అంత పుల్లగానే, కాస్త కుళ్ళి బయటికి వచ్చింది. ఆయన ఒక కాయ నోట్లో వేసుకుని, ముఖం వికారంగా పెట్టి, అందరికన్నా ముందు తనే పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వల్లే ఆయన దగ్గర నేను అన్నేళ్ళు పనిచేయగలిగాను.

మామిడి, అరటి, సీతాఫలం, టమాటా ముదిరాక కోస్తే చెట్టు లేకపోయినా పండుతాయి. ద్రాక్ష, నిమ్మ, నారింజ పండవు. ఒకే గడ్డి, ఒకే పొగ, ఒకే గది. తేడా ఎక్కడుంది? కాయ పుట్టుకలో ఉంది. ఏ కాయ ఎప్పుడు, ఏ దారిలో పండాలన్నది తల్లిదండ్రుల నుంచి గింజలోకి దిగిన జన్యువులు నిర్ణయిస్తాయి. గది బయట మనం ఎన్ని ఏర్పాట్లయినా చేయవచ్చు. లోపల ఆ ఏర్పాటు లేకపోతే లాభం లేదు.

కాలువ కింద తగాదా

ఇక అసలు సంగతి. అరవైల చివర అనుకోండి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు మాన్వి తాలూకాలోకి వచ్చాక, కోస్తా నుంచి వచ్చిన రైతులు పొలాలు కొనుక్కుని, ఇళ్ళు కట్టుకుని, ఆ ఇళ్ళ గుంపులకు క్యాంపులని పేరు పెట్టుకున్నారు. మా తాతల నాటి నుంచి జొన్న, పత్తి తప్ప ఎరగని నల్లరేగడిలో వరి పచ్చగా లేచి నిలబడింది. నేను రాయచూరు పట్నంలో పుట్టినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో ఉర్దూ మాట్లాడి పెరిగినవాణ్ణి. నా తెలుగు విని క్యాంపులవాళ్ళు నవ్వేవారు, వాళ్ళ దీర్ఘాలు విని నేను నవ్వేవాణ్ణి.

కవితాళ అనే ఊరికి కొంచెం దూరంలో ఒక క్యాంపు. ఆ క్యాంపుకు పెద్దమనిషి వెంకట్రామయ్య. ఆయన భార్య సుబ్బాయమ్మ. వరి ఆయన చూసుకుంటే, కూరగాయల తోట ఆమెది. ఆ తోట పల్లంలో ఉంది. దాని పైన మెరకలో హనుమన్న అనే స్థానిక రైతు పొలం. హనుమన్న ఇంట్లో వరి పండించినవాళ్ళెవరూ లేరు. క్యాంపువాళ్ళను చూసి ఆ ఏడాది మొదటిసారి వేశాడు. నారు ఇచ్చింది సుబ్బాయమ్మే. గట్టుమీద నిలబడి హనుమన్న భార్యకు నాటు వేయడం నేర్పింది కూడా ఆమే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సుబ్బాయమ్మ తోటలో టమాటా కాసింది. విరగకాసింది. కానీ పండలేదు. ఒకటీ అరా కాదు, తోట మొత్తం. పైన హనుమన్న మడిలో నిలిచిన నీళ్ళు ఊటగా తోటలోకి దిగుతున్న మాట నిజం. ఊటతో పాటు ఉప్పు పైకి తేలి నేల చౌడుబారడం ఆ రోజుల్లో కాలువ కింద ప్రతి ఊళ్ళోనూ చూస్తున్నదే. ఇంకేం కావాలి? క్యాంపు పెద్దలు హనుమన్న పొలంలోకి నీళ్ళు పారే మడవను మట్టీ గడ్డీ వేసి కట్టేశారు. ఆఫీసరు వచ్చి ఊట వల్ల కాదని చెబితే తీస్తామన్నారు. అప్పటికి వానలు వెనకపట్టాయి. హనుమన్న వరి పొట్టమీద ఉంది. ఆ అదనులో నీళ్ళు లేకపోతే వెన్ను వస్తుంది కానీ గింజ పాలు పోసుకోదు.

పెద్దసారు సంగతంతా కూర్చున్నచోటే విని తేల్చేశాడు. "అదు సవళు రీ, మత్తేనూ అల్ల." చౌడే, ఇంకేమీ కాదని. చౌడు గురించి ఆయన మాట దాదాపు ఎప్పుడూ తప్పదు. నన్ను వెళ్ళి అదే మాట చెప్పి రమ్మన్నాడు.

బస్సు దిగేసరికి హనుమన్న రోడ్డుమీదే నిలబడి ఉన్నాడు. నాకన్నా పెద్దవాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, జెర ముందుగాల నా పొలం జూడున్రి. నా జిందగీల ఇదే మొదటి వరి. పొట్టకొచ్చింది. గిప్పుడు నీళ్ళు బంద్ జేసిండ్రు. నేనేం జేసిన? నీళ్ళు పల్లానికి పోతయి. నేను పొమ్మన్ననా?"

పొలం చూశాను. రేగడి నెర్రెలు విచ్చుకోవడం మొదలైంది. నెర్రెలో వేలు పెట్టి చూపించాడు. ఏడవలేదు, తిట్టలేదు. వేలు తీసి పంచెకు తుడుచుకున్నాడు.

నవనవలాడే చౌడు

తోటలో వెంకట్రామయ్య మరికొందరిని వెంటబెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "మాటలెందుకండీ ఆఫీసరు గారూ, కాయే చెబుతుంది చూడండి," అని ఒకటి కోసి నా చేతిలో పెట్టాడు.

కాయ నిండుగా, బరువుగా ఉంది. ముదురు కాయలన్నీ ఆకుపచ్చ నుంచి లేత నిమ్మపండు రంగుకు వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఎరుపు ఛాయ ఎక్కడా లేదు. వేలితో నొక్కితే లొంగలేదు. తొడిమ దగ్గరి పచ్చని రేకలు మామూలు టమాటాకు ఉండేవాటికన్నా బాగా పొడుగ్గా ఉన్నాయి. ఆ రేకలు చూసినప్పుడే నాకు అనుమానం తగిలింది. చౌడు టమాటాను గిడసబారుస్తుంది, ఆకు అంచులు మాడుస్తుంది, కాయను చిన్నది చేస్తుంది. ఆ చిన్నకాయ కూడా పండుతుంది, ఒక్కోసారి మరీ త్వరగా. ఇక్కడ మొక్కలు నవనవలాడుతున్నాయి. చౌడు వచ్చి తొడిమ రేకలు పొడుగ్గా పెంచిపోయిందంటే నేను నమ్మను.

"ఇది ఊట పనిలా లేదండీ. నాకు కొన్నాళ్ళు గడువివ్వండి. ఈలోపు మడవ తీసేయండి," అన్నాను.

"మీరు తేల్చండి, మేం తీస్తాం. తేలకుండా తీసి, ఉన్న తోట కూడా పోతే పూచీ ఎవరండీ?" అన్నాడు వెంకట్రామయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. మడవల మీద నాకే అధికారమూ లేదు. పరీక్ష త్వరగా ముగిస్తే వాళ్ళే తీస్తారులే అనుకుని పనిలోకి దిగాను.

ఖాదర్ భాయి గదిని సుబ్బాయమ్మ కొట్టంలో తయారుచేశాను. గంపలో వరిగడ్డి, సుబ్బాయమ్మ కాయలు, హనుమన్న పెరట్లో ఉన్న టమాటా మొక్కల నుంచి కోసిన పచ్చికాయలు, మధ్యలో బాగా మాగిన అరటిపళ్ళు. పైన గోనెసంచి కప్పాను. పండే అరటి విడిచే వాయువుకు మామూలు టమాటా ఊరుకోదు. సుబ్బాయమ్మ కాయ ఊరుకుంటే, దానిలో పండమనే ఆజ్ఞే లేదని తేలుతుంది. నేను క్యాంపులోనే ఉండిపోయాను.

హనుమన్న రోజూ పొద్దున్నే కొట్టం గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. లోపలికి అడుగుపెట్టేవాడు కాదు.

"పండిందా సారూ?"

"ఆమె కాయలు పండకుంటేనే నీకు మంచిది హనుమన్నా," అని చెప్పాను.

కాసేపు ఆలోచించాడు. "గట్లనా! అయితే నా పెండ్లాం పండాలని మొక్కుతున్నది. పోయి బంద్ జేయమంట," అని గబగబా వెళ్ళిపోయాడు. జిల్లా మొత్తంమీద కాయ పండకూడదని మొక్కుకున్న ఇల్లు అదొక్కటే అయివుంటుంది.

అందరినీ పిలిచి గంప తెరిచాను. హనుమన్న పెరటికాయలు ఎర్రబడి మెత్తబడ్డాయి. సుబ్బాయమ్మ కాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నేను చెప్పిందంతా రుజువైందని వెంకట్రామయ్య వైపు తిరిగాను.

ఆయన ముఖం నాకన్నా వెలిగిపోతోంది. "చూశారా! గడ్డిలో పెట్టినా పండనంతగా పాడుచేసింది వాళ్ళ ఊట. వాళ్ళ పెరటికాయ మంచినీళ్ళు తాగింది, లక్షణంగా పండింది. ఇంకా ఏం తేలాలండీ?"

నాకు ఒళ్ళు మండింది. కానీ న్యాయంగా ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను పోల్చిన రెండు కాయలకు విత్తనమూ వేరే, నీళ్ళూ వేరే. దేనివల్ల పండలేదో ఆ గంప చెప్పలేదు. పిల్లలూ, మీకు పరీక్ష చేయడం రావడం గొప్పకాదు. ఎదుటివాడు అదే పరీక్షను తన వైపు ఎలా తిప్పుకుంటాడో ముందే ఆలోచించుకుని చేయాలి. నాకు కావలసింది ఆ ఊటలోనే పెరిగిన వేరే విత్తనం. దాన్ని నాటి, పెంచి, కాయించేసరికి హనుమన్న వరి గడ్డిమేటు అవుతుంది.

గుమ్మం బయట హనుమన్న అంతా విన్నాడు. తలపాగా చుట్టుకుని పొలం వైపు నడిచాడు.

పప్పులోకి వచ్చిన కాయలు

సుబ్బాయమ్మ నన్ను అన్నానికి పిలిచింది. నేను వద్దన్నాను. "తగాదా మీ మగాళ్ళ మధ్యనుంది గానీ విస్తట్లో లేదుగా బాబూ, లేవండి," అంది. కూర్చున్నాను. వేడన్నం, నెయ్యి, టమాటా పప్పు. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక విస్తరి వైపు చూశాను. పప్పులో ఎర్రటి టమాటా ముక్కలు.

"ఇవి సంతలో కొన్నారా అమ్మా?"

"సంతలో కొనే ఖర్మేంటండీ, ఇంత తోట పెట్టుకుని! గట్టు కింద ఊటకాలవలో పడిమొలిచిన మొక్క ఒకటుంది. నిరుడు పారబోసిన కాయల్లోంచి లేచినట్టుంది. దానికి మాత్రం పండుతున్నాయి, పప్పులోకి సరిపోతున్నాయి."

"ఊటకాలవలోనా?"

"నడి ఊటలోనండి. ఏం?"

నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. "అయ్యో, మజ్జిగన్నం తినలేదు!" అని ఆమె వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

మొక్క నిజంగానే ఊట నడుమ ఉంది. చుట్టూ తడి, తడి అంచున ఉప్పు తెల్లగా పేరింది. చౌడనేది ఆ తోటలో ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంది. మొక్క కాస్త గిడసబారింది, కాయలు చిన్నవి. కానీ ఎర్రగా, మెత్తగా ఉన్నాయి. తొడిమ రేకలు పొట్టివి. నాకు నెలలు పట్టే పరీక్షను ఆ మొక్క తనంతట తానే చేసిపెట్టింది. ఎంగిలి చేతిని ఊటలోనే కడుక్కున్నాను.

"అమ్మా, ఈ ఏడు తోటకి విత్తనం ఎక్కడిది?"

"నాదేనండీ. కొనలేదు," అంది గర్వంగా. "మా అత్తగారు నేర్పిన పద్ధతి. దోసకాయల్ని గడ్డితాళ్ళతో దూలానికి వేలాడదీస్తాం కదండీ, అందులో ఏ కాయ అన్నిటికన్నా ఎక్కువకాలం నిలుస్తుందో దాని గింజే విత్తనానికి ఉంచుతాం. నిరుడు టమాటాకి ధర లేక, ఉత్తినే చూద్దామని వాటిని కూడా గుత్తులతో దోసకాయల పక్కన కట్టాను. అన్నీ కుళ్ళి రాలిపోయాయి. ఒక్క చెట్టు కాయలు మాత్రం తొలకరి దాకా రాయిలా నిలబడ్డాయి. అబ్బ, ఎంత గట్టి జాతో అనుకుని ఆ గింజే పోశాను."

నేను గట్టుమీద కూర్చున్నాను. ఆ పద్ధతిలో తెలివి ఉంది. దోసకాయ పండి, పండు స్థితిలోనే నెలల తరబడి నిలుస్తుంది. అందుకని నిలిచిన కాయ గింజ మంచిదే. టమాటా అలా కాదు. పండిన టమాటా నిలవదు. నిలిచిందంటే అది పండలేదని అర్థం. ఆమె దూలానికి కట్టిన వాటిలో పండటమే రాని కాయను వెతికి వెతికి పట్టుకుని, దాని సంతానంతో తోట నింపింది.

"మీ నాట్ల ముఠాకి మేస్త్రీ ఉంటాడు కదమ్మా," అన్నాను. "మేస్త్రీ రాకపోతే?"

"ఎవరూ దిగరండీ. గట్టుమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు."

"కాయలోనూ అంతే. రంగు మార్చేవాళ్ళు, మెత్తబరిచేవాళ్ళు, పులుపు తగ్గించేవాళ్ళు, వాసన పుట్టించేవాళ్ళు అందరూ ఉన్నారు. వాళ్ళని పనిలోకి దించే మేస్త్రీ జన్యువు ఈ జాతిలో చెడింది. నేను అరటిపళ్ళు పెట్టి బయటినుంచి ఎంత కేకేసినా లాభం లేకపోయింది. గింజలు ముదరడానికి ఈ మేస్త్రీతో పనిలేదు, అందుకే మొలిచాయి. ఆ లోపమూ వాటితో పాటే వచ్చింది. చెట్టుచెట్టుకీ వచ్చింది."

ఆమె వంగి ఊటమొక్క కాయలు ఒక్కొక్కటే కోయసాగింది. తన చేత్తో ఏరిన విత్తనమని బాధపడుతోందనుకున్నాను.

"అయితే బాబూ," అంది చివరికి, "ఆ మనిషి వరి ఎండుతున్నది నా దోసకాయల మూలంగానా?"

మడవ దగ్గర

నేను వెంకట్రామయ్యతో విడిగా మాట్లాడతానన్నాను. నలుగురిలో ఆమె పేరు రాకుండా చూడవచ్చని నా ఉద్దేశం. ఆమె ఒప్పుకోలేదు. ఊటమొక్క కాయలు కొంగులో వేసుకుని తిన్నగా మడవ దగ్గరికి నడిచింది. వెంకట్రామయ్య, ఇంకో ఇద్దరు పెద్దలు అక్కడే ఉన్నారు. ఆమె కొంగు విప్పి కాయలు చూపించింది.

"ఏవండీ, ఇవి నడి ఊటలో పండాయి. మన తోటలో పండనివి నేను పోసిన విత్తనానివి. విత్తనంలోనే లోపం ఉందట. ఏరింది నేను. ఇంకొకళ్ళని అనడానికి లేదు."

"నువ్వూరుకో. నలుగురిలో..."

"నలుగురిలోనే కదండీ కట్టింది? నలుగురిలోనే తీద్దాం."

పార అందుకుంది. ఒక పెద్దమనిషి నావైపు చూశాడు. అవునన్నట్టు తల ఊపాను. వెంకట్రామయ్య ఆమె రెండు పెళ్ళలు తవ్వేదాకా చూసి, పార తీసుకుని మిగతాది తనే తవ్వాడు. చాలా కోపంగా తవ్వాడు. కోపం ఎవరిమీదో నాకు తెలియదు, బహుశా ఆయనకూ తెలియదు.

నీళ్ళు పొలంలోకి వెళ్ళి కనిపించకుండా పోయాయి. నెర్రెలు తాగేస్తున్నాయి. హనుమన్న ఎవరివైపూ చూడలేదు. నీళ్ళ వెంట నడుస్తూ, అవి ఆగినచోటల్లా కాలితో మట్టి తప్పించి దారి చేసుకుంటూ పోయాడు.

పెద్దసారు బల్లమీది కాయ

రాయచూరు వెళ్ళి "సవళు కాదు సార్, గింజ," అని చెప్పాను. పెద్దసారు నమ్మలేదు. జీపులో వచ్చాడు. ఊటమొక్కను చూశాడు, తోటను చూశాడు, సుబ్బాయమ్మతో కన్నడంలో మాట్లాడాడు. ఆమె తెలుగులో జవాబులిచ్చింది. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది. తిరిగి వెళుతూ ఆమె తోటలోంచి ఒక కాయ కోసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ కాయ నెలల తరబడి ఆఫీసులో ఆయన బల్లమీద ఉంది. మెల్లగా ముడతలు పడింది తప్ప ఎర్రబడలేదు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "ఇదు నన్న గురు రీ," అని, అంటే ఇదే నా గురువని, కథంతా చెప్పేవాడు. కథలో తన తొందరపాటును కొంచెం పెంచి మరీ చెప్పేవాడు. నాతో పనిచేసినవాళ్ళలో తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు. తన పొరపాటును బల్లమీద పెట్టుకుని కూర్చోగలిగినవాళ్ళు తక్కువ. నన్నడిగితే వాళ్ళే పైకి రావాలి. ఎప్పుడూ అలా జరగదు, అది వేరే సంగతి.

తర్వాతి ఏళ్ళలో ఆ పండని టమాటాను మంచి టమాటాతో సంకరం చేశాను. మొదటి తరం అన్నీ పండాయి, కానీ తీరిగ్గా పండాయి. పండాక కూడా గంపలో చాలాకాలం నిలిచాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, కాయకు రెండు మేస్త్రీ జన్యువులు వస్తాయి. ఒకటి బాగుంటే పని నెమ్మదిగానైనా నడుస్తుంది. ఆ కాయల గింజలు మళ్ళీ వేస్తే దాదాపు నాలుగో వంతు మొక్కలు పాత మొండితనానికే తిరిగి వెళ్ళాయి. ఇలాంటి టమాటాలను ఆ రోజుల్లోనే విదేశాల్లోనూ పట్టుకున్నారని తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు కొంచెం అసూయ పడ్డాను. వాళ్ళకు సుబ్బాయమ్మ పప్పు దొరికి ఉండదులే అని సర్దుకున్నాను.

మొదటి తరం కాయలు గంపెడు ఆమెకే పట్టుకెళ్ళాను. పప్పు వండి రుచి చూసి, "నిలవకి బాగుంటాయి బాబూ. ఎరుపు చాల్లేదు, పులుపూ చాల్లేదు. దూరాభారం పంపడానికైతే మంచివి, ఇంట్లోకి వద్దు," అంది. ఇప్పుడు పట్నం దుకాణాల్లో గట్టిగా, నున్నగా, రుచీపచీ లేకుండా దొరికే టమాటాల గురించి ఎవరైనా నా అభిప్రాయం అడిగితే ఆ మాటే చెబుతాను. జన్యువు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది. నిలవ కావాలంటే రుచి వదులుకోవాలి. ఎంత వదులుకోవచ్చో వండేవాళ్ళని అడగండి, అమ్మేవాళ్ళని కాదు.

నూర్పుల రోజు

చెబుతూ చెబుతూ ముందుకు వచ్చేశాను. హనుమన్న వరి ఏమైందో చెప్పాలి.

ఆ ఏడాది నూర్పుల రోజున నేను అటువైపు పనిమీద వెళ్ళి కళ్ళం దగ్గర ఆగాను. వరి నూర్పు హనుమన్నకు కొత్త. వెంకట్రామయ్య తన ఎద్దులు తోలుకుని వచ్చి దగ్గరుండి చేయిస్తున్నాడు. తప్పు ఒప్పుకునే మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఎద్దులు తోలుకురావడమే ఆయన ఒప్పుకోలు. సుబ్బాయమ్మ హనుమన్న భార్యకు చేటతో తూర్పారబట్టడం నేర్పుతోంది. మడవకు దగ్గరగా ఉన్న పొలం చెక్క బంగారంలా పండింది. మంచి గింజ రాశిగా పడుతోంది. అందరూ హుషారుగా ఉన్నారు.

చివరికి మడవకు దూరంగా ఉన్న చెక్కలోని పంట తూర్పారబట్టారు. నీళ్ళు ఆఖరున చేరిన చోటది. చేటలోంచి జారిన వడ్లలో సగానికి సగం గాలికి ఎగిరిపోయాయి. తాలు. చూడటానికి వడ్లలాగే ఉంటాయి, లోపల బియ్యం ఉండదు. కళ్ళం అవతల తాలు కుప్ప పెరుగుతూ పోయింది.

హనుమన్న ఆ కుప్పలోంచి పిడికెడు తీసుకుని వెంకట్రామయ్య ముందు నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగాడు.

"అన్నా, నీ టమాట ఎందుకు పండలేదో సారు తేల్చిండు. మంచిగైంది. నేను కాదని అందరికీ ఎరుకైంది. నాదొక్క మాట. తేలెదాంక ఎవరివో ఒకరివి నీళ్ళు బంద్ గావాలెనంటే, నావే ఎందుకు బంద్ జేసిండ్రు?"

వెంకట్రామయ్య ఎద్దు మెడమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సుబ్బాయమ్మ చేట కిందపెట్టింది. హనుమన్న ఒక్కొక్కరి ముఖం చూసి, చివరికి నా ముఖం కూడా చూశాడు. తర్వాత పిడికిలి విప్పి తాలు గాలికి వదిలేసి, మిగిలిన పనలు విప్పడానికి వెళ్ళాడు.

జన్యువుల గురించి అప్పటికి నాకు తెలిసిందీ, ఇప్పుడు మీకు తెలిసిందీ అంతా కలిపినా ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్ని తగాదాలకు వెళ్ళానో గుర్తులేదు. ఎక్కడికి వెళ్ళినా బస్సు దిగగానే నేను అడిగిన మొదటి మాట మాత్రం గుర్తుంది. "ఎవరి నీళ్ళయినా కట్టేశారా?" అవునంటే, ముందు వెళ్ళి మడవ తీయమనేవాణ్ణి. అధికారం ఉందా లేదా అని చూసుకోలేదు. వాళ్ళు తీసేదాకా గట్టుమీదే కూర్చునేవాణ్ణి. నీళ్ళు ఆ పొలం చివరిదాకా చేరాయని కళ్ళారా చూశాకే లేచి, కాయ కోసి చేతిలోకి తీసుకునేవాణ్ణి.